చోర్ కీస

మట్టెవాడ సందుల నా దుకాణం.
క్వారీ లింగారావు సారు
షటరు సగం గుంజమన్నడు.
కత్తెర పక్కన, సుద్దముక్క మీద
దాన్ని పెట్టిండు.

అరచెయ్యంత గూడ లేదు.
మా నాయిన తంబాకు డబ్బీ ఇంతకంటె పెద్దది.
"కనవడొద్దు సాంబయ్యా.
గని చెయ్యి వెడితె అందాలె."

ముప్పై ఏండ్ల సంది కుడుతున్న చోర్ కీసలు:
ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన పైసలకు,
మొగనికి తెల్వకుండ దాసుకునే చిట్టీ పైసలకు.
తియ్యనీకె ఎంత సేపు పడ్తదని
ఇప్పటిదాంక ఎవ్వలడగలే.

ఎవలంటె భయమో నేనూ అడగలే.
కొలతలు దప్ప అడగొద్దన్నడు నాయిన.
చెప్పులకు పిల్లగాని పాదం గీసినట్టు
దాని సుట్టు సుద్దతోని గీసిన.
అస్తరు రెండు పొరలేసిన.
బరువుకు జారుతదని
సఫారి కుడి అంచు అరంగుళం కురచ.
అది లోపలుంటేనే
బట్ట సమం.

ఎలక్షన్లొచ్చినయ్.
లైసెన్సు ఉన్నోళ్లందరు
స్టేషన్ల జమ చెయ్యాలన్నరు.

చౌరస్తల కనవడ్డడు సారు.
కుడి అంచు మీదికి లేసింది.
చెయ్యి ఊకూకె ఆడికే పోతున్నది,
రాలిన పన్ను జాగలకు నాలుక పోయినట్టు.

హోటల్ పోరడు చాయ పోసుకుంట నవ్విండు,
"గంత పెద్ద సారుకు
గంత వంకర కుట్టిన దర్జీ ఎవడే?"

చాయ గ్లాసుల మొఖం వెట్టిన.
చెప్పచ్చు,
గని కనవడొద్దనే గద
మాట.