ఎడమ కాలు

రాత్రి మూడు రెండుతో ఓడిపోయాం.
తెల్లారి నాలుగున్నరకి
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతుండగానే
ఫిషింగ్ హార్బర్‌లో, ఐసు ఫ్యాక్టరీ గోడవార
బంగార్రాజు టీకొట్లో
నేరస్థుడి కోసం వెతుకులాట మొదలైంది.

"తప్పంతా కోచ్‌దే" అన్నాడు సోమేశం
బల్లమీద ఒలికిన టీలో వేలు ముంచి
పదకొండు చుక్కలు పెడుతూ.
"ఈణ్ణి ఇక్కడ నిలబెట్టాలి, ఆణ్ణి అక్కడ.
సరంగు నిద్దరోతే బోటు ఎటు పోద్ది?"

"సరంగొచ్చి వల లాగుతాడేటి?"
క్రేను లారెన్సు గ్లాసు దించాడు.
"గోలు ఖాళీ. గోలీ కూడా నేల మీదున్నాడు.
మా మేనత్త చీపురుతో తోసినా లోపలికెళ్ళీది.
ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

ఎనభై ఎనిమిదో నిమిషం.
బంతి వాడి ఎడమ కాలి ముందుకు వచ్చింది.
వాడు దాన్ని కుడికి మార్చుకోబోయాడు.
ఎంతసేపని?
టీ గ్లాసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారినంత.
అంతలో ఎవరిదో కాలు అడ్డం పడింది.

వాడు తెడ్డు ఎల్లాజీ. మా పెదజాలారిపేట కుర్రాడు.
బిస్కెట్ సీసాల వెనక వాడి ఫోటో ఉంది.
బంగార్రాజు ఇంకా తియ్యలేదు.
అటు ఎవరూ చూడ్డం లేదు.

నేను నోరెత్తలేదు.
పదకొండేళ్ళ కిందట నేను వాడి డ్రిల్లు మాస్టర్ని.
ఇసకలో రెండు చెప్పులు ఒక గోలు,
రెండు కొబ్బరి డొక్కలు ఇంకో గోలు.
కుడి కాలు వాడికి పుట్టుకతోనే వచ్చింది.
ఎడమది నేనివ్వాలి.

తెలీక కాదు.
హాజరు పట్టీ వెనక రాసుకున్నాను కూడా:
'ఎల్లాజీ, ఎడమ కాలు, వానలయ్యాక.'
ఆ ఏడు రైల్వే గ్రౌండులో స్కూళ్ళ కప్పు.
ఒక్క కుడి కాలితోనే ఏడు గోల్స్ కొట్టాడు.
గెలుస్తున్నవాడి నడకని ఎవడు దిద్దుతాడు?
హెడ్మాస్టరు నా మెడలో కూడా ఒక దండ వేశాడు.
అక్టోబరులో తుపానొచ్చి స్కూలు రేకులు ఎత్తుకుపోయింది,
హాజరు పట్టీ ఉబ్బి ముద్దయింది.
కప్పు మాత్రం బీరువాలో చెక్కుచెదరలేదు.

తర్వాత వాడికి ఆరుగురు కోచ్‌లు.
ఊళ్ళు వేరు, భాషలు వేరు.
వాళ్ళంతా కూడా ఎక్కడో రాసుకునే ఉంటారు
వానలయ్యాక అని.

తిలాపాపం తలా పిడికెడు అంటారు.
బల్ల కింద నా పిడికిలి చూసుకున్నాను,
చాలా పట్టేలా ఉంది.

ఆరవుతుంటే తాతాలు వచ్చింది
చంకలో ఖాళీ గమేళాతో.
కొట్లో మాట పడిపోయింది.
సోమేశం పదకొండు చుక్కల్నీ అరచేత్తో తుడిచేశాడు.

"రేతిరి మా ఈదిలో కరెంటు నేదు మేస్టారూ.
మనోళ్ళు నెగ్గీసినారా?"
"లేదమ్మా. ఒక్క గోలుతో పోయింది."
"మావోడో?"
"బాగానే పరిగెత్తాడు."

లారెన్సు ఉండబట్టలేకపోయాడు.
"ఎడం కాలికి బంతొస్తే కొట్టాలి గదమ్మా!"

ఆమె నవ్వింది.
"ఎడమంటే ఆడికి బయం బాబూ.
సిన్నప్పుడు అన్నం ఎడం సేత్తోటే తినీవోడు.
పలకా అంతే, గోలీలాటా అంతే.
అట్లకాడ కాల్సి పెట్టీసినాను ఓపాలి.
మరింక మానీసినాడు."

ఎక్కడో బోటు ఇంజను ఆగింది.
వేలంపాట కేకలు మొదలయ్యాయి.
తాతాలు చీర కొంగు బిగించి
తడి సిమెంటు మీద చకచకా వెళ్ళిపోయింది,
ఈసారి ఏం దొరికిందో, ఎవరు పాడతారో.

నేను లేచి పది రూపాయల బిళ్ళ ఇచ్చాను.
బంగార్రాజు అందుకోలేదు.
"బోణీ ఇంకా అవ్వలేదు మేస్టారూ,
కుడి చేత్తో ఇవ్వండి."

మార్చుకున్నాను.