చరణం బాకీ

డిసెంబరు ఇరవై ఎనిమిది. బెజవాడ, బందరు రోడ్డు,
రేడియో స్టేషన్‌లో స్టూడియోకీ క్యాంటీన్‌కీ మధ్య గది.
మూడు గోనెసంచుల కార్డులు, ఒక బల్ల, రబ్బరు బ్యాండ్లు,
రోజుకి ఇరవై రెండు రూపాయల క్యాజువల్‌ని నేను.
శ్రోతలు మెచ్చిన ఇరవై పాటలు తేల్చాలి.
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి.
ఊళ్ళకి ఊళ్ళు అలా మోపులు కడుతున్నాను.

వాన పాటకి సత్యనారాయణపురం మొత్తం ఓటేసినట్టుంది.
పెళ్ళి పాటని తెనాలి వదల్లేదు.
కృష్ణలంక నుంచి ఒకాయన ఏటా రాస్తాడు,
ఎవరికీ గుర్తులేని ఒక పాటకి.
ఆ గీత పక్కన ఇంకో గీత పడదు.
అయినా గీస్తాను, కొంచెం గట్టిగా.

మూడో సంచి మూతి విప్పగానే తుమ్ము.
ఒకటి కాదు, ఏడు.
గుంటూరు ముద్ర. పురికొసతో కట్టిన నలభై ఒక్క కార్డులు,
అంచుల్లో ఎర్రటి పొడి.

"గుంటూరు మిర్చియార్డు నందు తొడిమలు తీయు కూలి చేసుకొని జీవించు
దాసరి సువార్తమ్మ, భర్త కీర్తిశేషులు ఏసోబు, వయస్సు యాభై రెండు,
ఎవరి ప్రోద్బలమూ లేక, సంపూర్ణ స్వస్థచిత్తముతో
పడవ పాటకు నా ఓటును దఖలు పరచుచున్నాను.
ఇందుకు నా నిశానీ."
కింద నీలి బొటనవేలు.

నలభై ఒక్కటీ అదే గుండ్రటి రాత.
రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చునే లేఖరి ఎవరో
టీ నీళ్ళకి రాసిపెట్టి ఉంటాడు,
అలవాటు కొద్దీ సాక్షులకి చోటు కూడా వదిలి.

పెక్స్ గోవర్ధనం గారు కళ్ళజోడు పైకి తోశారు.
"ఒకే చేతిరాత. ఒకే మనిషి. తీసి పక్కన పెట్టమ్మా."
అవి ఉంటే పడవ పాట ఆరోది.
తీస్తే లిస్టులోనే లేదు.
"ఎకరం పొలం ఇలాగే రాసిస్తే చెల్లుతుంది కదండీ" అన్నాను.
ఆయన జవాబు చెప్పబోయి
తుమ్మారు.
"సరే, వేళ్ళు చూడు" అని టీకి వెళ్ళిపోయారు.

కిటికీ దగ్గర వేళ్ళు చూశాను.
సుడులున్నవి, శంఖాలున్నవి,
కారం తిని తిని గీతలే మిగలనివి.
అరగంటకి దొరికింది.
మస్తాన్‌బీ. ఫాతిమున్నీసా.
రెండు పేర్లు, ఒకటే వేలు,
దాని మీద ఏటవాలుగా అదే పాత గాటు.
ఎక్కడుందో ఆ రెండో మనిషి.

నలభయ్యా, నలభై ఒకటా?
ఎన్ని గీశానో గోవర్ధనం గారు అడగలేదు.
మీరూ అడక్కండి.

ముప్పయ్యొకటో తారీఖు రాత్రి
కంట్రోల్ రూం అద్దం ఇవతల నిలబడి విన్నాను.
"ఆరో స్థానంలో, గుంటూరు మిర్చియార్డు శ్రోతలు కోరిన..."
సువార్తమ్మ పేరు, మస్తాన్‌బీ పేరు, అన్ని పేర్లూ
ఊపిరి తీసుకోకుండా చదివింది అనౌన్సరు.
పేర్లకే రెండు నిమిషాలు పోయాయి.
పాట రెండో చరణం దాటుతుండగా
ఢిల్లీ వార్తల వేళయింది. ఫేడర్ మెల్లగా దిగింది.
పడవ ఏటి మధ్యలో ఉండిపోయింది.
వార్తల తర్వాత అయిదో పాట.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక కార్డు.
అదే గుండ్రటి రాత:

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా,
సదరు పాటలో మూడవ చరణము మాకు ఇంకను ముట్టలేదు.
తమరు మాకు చరణమొకటి బాకీ యున్నారు.
వాయిదా ఉగాది. మీరినచో వడ్డీ క్రింద పల్లవి కూడా."

కింద చోటు చాలక
వేళ్ళ మీద వేళ్ళు, కార్డు వెనక్కి కూడా పాకి,
చిరునామా సగం కప్పేసి.
పోస్ట్‌మాన్ ఎలా చదువుకున్నాడో.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.
ఫాతిమున్నీసా పేరు పక్కన
కొంచెం వణికిన ముద్ర, చిన్న వేలు.
గాటు లేదు.

కార్డు ముక్కుకి మరీ దగ్గరగా పెట్టుకున్నానేమో,
మళ్ళీ తుమ్మొచ్చింది.