స్నేరుకి ముందొక ఊపిరి

రికార్డు ఖరీదు నలభై పెన్నీలు.
బ్రిస్టల్లో, స్టేపుల్టన్ రోడ్డు మీద
చర్చివాళ్ళ పాత సామాన్ల కొట్టులో
అల్లిక పుస్తకాల కింద దొరికింది.
అట్ట మీద పాటగాడి పళ్ళన్నీ కనిపిస్తున్నాయి.
వెనక్కి తిప్పితే సాక్సఫోను ఎవరో, ఆర్గను ఎవరో,
అతగాడి కోటు కుట్టిన దర్జీ ఎవరో కూడా ఉంది.
డ్రమ్ములు ఎవరివో లేదు.

రెండో వైపు, మూడో పాట.
పాట మాకక్కర్లేదు.
నడుమ ఒకచోట అందరూ తప్పుకుంటారు,
ఆరు సెకన్లపాటు
అతనొక్కడే ఉంటాడు గదిలో.

ఇలాంటి ఆరు సెకన్ల కోసమే టోబినూ నేనూ
చెరి సగం అప్పు చేసి బూడిదరంగు శాంప్లర్ కొన్నాం.
దాని కడుపు చిన్నది, పట్టుమని పదకొండు సెకన్లు పట్టదు.
అందుకని ముప్పై మూడు మీద తిరగాల్సినదాన్ని
నలభై అయిదు మీద పరిగెత్తించి మింగిస్తాం,
లోపలికెళ్ళాక కళ్ళెం లాగుతాం.
పిసినారితనమే. కానీ ఆ సాగదీతలో
స్నేరుకి ఇసక పట్టుకుంటుంది,
మూత పెట్టిన మూకుట్లో ఆవాల్లా
హైహ్యాట్ చిటపటమంటుంది.

కోయడం నా పని.
పగలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే చేతులు
రాత్రి కిక్కుని కిక్కుగా, స్నేరుని స్నేరుగా విడదీస్తాయి.
పదహారు ముక్కలు, ముక్కకో మీట.
గురువుని లఘువు చేస్తాను, లఘువుని మళ్ళీ చీలుస్తాను,
రెండో స్నేరుని అరమాత్ర ముందుకి జరిపి
వినేవాడి కాలు గాల్లో ఉండగానే మెట్టు లాగేస్తాను.
నిమిషానికి నూట అరవై ఎనిమిది దెబ్బలు.
కింద బాస్ మాత్రం సగం వేగంలో,
ఏమీ ఎరగనట్టు, గేదెలా నడుస్తుంది.

టోబిన్‌కి అన్నీ శుభ్రంగా ఉండాలి.
పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు,
ఏ గూటిది ఆ గూట్లోనే అంటాడు.
"తొమ్మిదో ముక్క మొదట్లో ఏదో చెత్త ఉంది, అయోనీ. తీసెయ్."
తీసేద్దామనే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

స్టూలు కిర్రుమంది.
ఆ వెంటనే, మూసుకుపోయిన ముక్కుతో
గట్టిగా పీల్చిన ఊపిరి.
బరువెత్తే ముందు మనిషి పీల్చేది.
తడి దుప్పట్ల బండి తొయ్యబోతూ
నేను రోజుకి నలభైసార్లు పీల్చేది.

మూడు వారాలుగా కోస్తున్నాను అతన్ని.
తోలు విన్నాను, చెక్క విన్నాను, ఇత్తడి విన్నాను.
"జలుబు చేసినట్టుంది పాపం," అన్నాను.
"ఎవరికి?" అన్నాడు టోబిన్.

పోట్లాడుకున్నాం. కింద కబాబుల కొట్టువాడు
చీపురుకర్రతో మా నేలని పొడిచేదాకా.
ఊపిరిని తిరగేసి చూశాను, నిట్టూర్పయింది.
మళ్ళీ సరిచేశాను.
చివరికి ముప్పై రెండు బార్లకి ఒక్కసారి,
కిక్కూ బాసూ అన్నీ ఆగిపోయే ఖాళీలో
ఆ ముక్కొక్కటే పెట్టాను.

శుక్రవారం రాత్రి, రేవు పక్క గోదాము.
డబ్‌ప్లేటు మెత్తనిది,
యాభైసార్లు తిప్పితే అరిగిపోతుంది.
మూడొందల మంది చెమట పైకప్పుకెక్కి
చుక్కలు చుక్కలుగా మా మీదే రాలుతోంది.
ఖాళీ వచ్చింది.
అతను పీల్చాడు.
గోదామంతా, తనకి తెలియకుండానే, పీల్చింది.
అప్పుడు పడింది స్నేరు.

టోబిన్ ఏమీ అనలేదు.
వెళ్ళి రెండు నీళ్ళ సీసాలు తెచ్చాడు.

వేసవిలో, నలభై ఎనిమిదో నంబరు బస్సులో,
వెనకసీటు కుర్రాడి రేడియోలో దొంగస్టేషను.
ఎవరిదో కొత్త ట్రాకు.
మా ప్లేటునే కోసుకున్నారు:
కిక్కు మార్చారు, బాసు మార్చారు,
మరో నాలుగు దెబ్బల వేగం పెంచారు.
కోపం రావాలి.
కానీ నా దగ్గర మాత్రం ఏ రసీదుంది,
నలభై పెన్నీలది తప్ప?

కుర్రాడు వాల్యూము పెంచాడు.
కిర్రు.
అదుగో,
జలుబింకా తగ్గలేదు.