మార్జిన్

చిలోయే దీవుల్లో వాన నాలుగో రోజు.
ఆసుపత్రి అంటారు గాని మూడు గదులు,
ఒక కట్టెల పొయ్యి, దాని మీద గొణుక్కునే కెటిల్.
సాంతియాగో నుంచి నేను తెచ్చినవి
నలభై రెండు ప్రశ్నలు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో.

"కొత్త కంప్యూటర్ మీకేం చేసిపెట్టాలి?"
నర్సు ఎదెల్మీరా సిరంజిల లెక్క ఆపకుండానే
"ఏం వద్దమ్మా, అంతా బాగానే ఉంది" అంది.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఇక్కడ అడుగుతున్నది పెట్టేదాన్ని నేనే;
పెట్టించుకునే ఆమెకి
ఏ గిన్నె పట్టాలో తెలీదు.

మర్నాడు కవరు విప్పలేదు.
మూల స్టూలు మీద కూర్చుని చూశాను, అంతే.

పదింటికి రమ్మన్నవాళ్ళు పదింటికి రాలేదు.
పోటు వచ్చింది, పడవ వచ్చింది,
ఒక్క ఊపున పందొమ్మిది మంది, తడిసిన ఉన్ని వాసన.
నా కాగితంలో 'సమయం' కొట్టేసి
'పోటు' అని రాసుకున్నాను.
కనిపెట్టేశానని సంబరపడ్డాను కూడా.

సాయంత్రం రిజిస్టర్ తిరగేస్తుంటే
కొన్ని పేర్ల పక్కన, ఎర్ర గీతకి అవతల,
పెన్సిల్‌తో గీసిన చిన్న గాలపు ముల్లు.
ఇదేమిటి? పడని మందా? బాకీయా?
ఎదెల్మీరా పొయ్యిలోకి ఒక కట్టె తోసింది.
తోసి, తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"వీళ్ళని ఆ రాత్రికి ఇంటికి పంపకూడదు.
రోసమెల్‌కి సైగ చేస్తాం, పడవ చెడిందంటాడు.
మేం జ్వరం తగ్గలేదంటాం.
మొగుడొచ్చి అడిగితే
రిజిస్టర్‌లో జ్వరమే ఉంటుంది."

నా పెన్ను అక్కడే ఆగింది.
ఈ గడికి ఏం పేరు పెట్టాలి?
తప్పనిసరా? రిపోర్టులోకి రావాలా?

"గడి చేయకు" అంది.
"గడి ఉంటే ఎవరో ఒకరు నింపమంటారు.
నింపితే ఎవరో ఒకరు చదువుతారు.
మునిసిపాలిటీలో ఆ కాగితాలు చూసే గుమాస్తా
ఈ పేజీలోనే ఒకామె మొగుడు."

తిరుగు పడవలో, మోకాళ్ళ మీద, పత్రం పూర్తి చేశాను.
ఇరవై ఏడో అంశం:
అచ్చయ్యే ప్రతి పేరు పక్కనా వేలెడు ఖాళీ.
దానికి పేరుండదు. వెతికితే దొరకదు.
యంత్రానికి అది తెలియనవసరం లేదు.

'కారణం' అన్న చోట చాలాసేపు ఆగాను.
తర్వాత జ్వరం లాంటిదే ఒకటి రాశాను:
చూడ్డానికి బాగుంటుందని.