పదకొండు నిమిషాలు

దల్కావే రేవులో పడవ టిక్కెట్లు చింపుతాను నేను.
చిలోయే దీవిలో వాన ఆగిన పూట
జనం ఆకాశం కేసి అనుమానంగా చూస్తారు.

ఆ మార్చిలో ఒక పొద్దున
ఫోనులో ఆటుపోట్ల పట్టిక ఇంకా నీళ్ళున్నాయంది.
అది నమ్మి మా మావయ్య రుపెర్తో
మూడొందల కిలోల ఆల్చిప్పలతో సహా
బురదలో కూరుకుపోయాడు.
పట్టిక పదకొండు నిమిషాలు తప్పింది.
సముద్రానికి ఆ అలవాటు లేదు.

ఆ పట్టిక ఎవరిదో వెతికాను, తిట్టడానికే.
ఎవరిదీ కాదట. అందరిదట.
ఎక్కడో బ్రిటనీ తీరంలో గ్వెనోలా అనే ఆవిడ
పగలు రైలు సిగ్నళ్ళు బాగుచేసి
రాత్రిళ్ళు దీన్ని చూసుకుంటుందట, దమ్మిడీ రాకుండా.
పెళ్ళిభోజనంలో ఉప్పు తక్కువైందని
వడ్డించేవాళ్ళ మీద అరవకూడదని తెలుసు.
అయినా అరిచాను.

జవాబులో క్షమాపణ లేదు, విసుగూ లేదు.
"మీ రేవులో నీళ్ళెప్పుడు తిరుగుతాయో
ఇక్కడ కూర్చుని నేనెలా చెప్పను?
ఒక గడకర్ర మీద గీతలు పెట్టి చూడగలవా?"

చూడగలవా.
అంతకుముందు నన్నెవరూ అలా అడగలేదు.
టిక్కెట్టెంతని అడిగారు. పడవెప్పుడని అడిగారు.

అమావాస్య నుంచి అమావాస్య దాకా
నడిరాత్రి కూడా లేచి, టార్చిలైటు పళ్ళతో పట్టుకుని
తడిసిన నోటుబుక్కులో పెన్సిలుతో అంకెలు రాశాను.
ప్రోగ్రాము భాష నేర్చుకున్నాను, తప్పులతడకగా.
పంపిస్తే మూడు తప్పులు చూపించి
"నాలుగోది నువ్వే పట్టుకుంటావని వదిలేశాను" అంది.
వారం పట్టింది.
దొరికిన రాత్రి పొయ్యిలో కట్టెలు ఆరిపోయాయని
తెల్లారాక గాని చూసుకోలేదు.

"ఎంతిస్తారు?" అంది అమ్మ.
"ఏమీ ఇవ్వరు."
"మరెందుకే?"
"ఒయార్సున్ వాళ్ళ ఇల్లు పునాదుల నుంచి లేపి
ఇరవై ఎడ్లు కట్టి కొండ దింపిన రోజు
నువ్వెందుకు తాడు పట్టుకున్నావు?"
అమ్మ బంగాళదుంప తొక్క తీస్తూ ఆలోచించింది.
"అందరూ లాగుతుంటే నేనొక్కదాన్నీ
చేతులు కట్టుకుని ఎలా నిలబడను!
అయినా ఎడ్లకు ముందు ఒకడుండాలిలే.
వాడు లాగడు. వెనక్కి నడుస్తాడు,
లాగేవాళ్ళ మొహాలు చూస్తూ."

అన్నీ అలా సాగలేదు.
ఐస్లాండులో ఇస్లేవుర్ ఉండేవాడు.
చంద్రుడి లెక్కలన్నీ అతనివే.
ఒక రాత్రి గ్వెనోలా అలసిపోయి
"ఇది చిన్నపిల్లలు రాసినట్టుంది" అంది, అందరి ముందూ.
అతను మళ్ళీ రాలేదు.
"ఆ మాట నాది. అనకుండా ఉండాల్సింది" అని
అందరి ముందే రాసింది ఆవిడ, రెండుసార్లు.
రాలేదు.
అతని లెక్కలు మాత్రం రోజుకు రెండుసార్లు
మా రేవులో నీళ్ళతోపాటు ఎక్కి దిగుతున్నాయి.
జీతమిచ్చేవాడు నోరు జారితే మనిషి నెలాఖరు దాకా ఉంటాడు.
ఇక్కడ తలుపుకు గడియే లేదు.

పోయిన శీతాకాలం ఆవిడ తాళాలు నాకిచ్చింది.
కళ్ళు సరిగా కనబడటం లేదంది.
"మరి నేనేం చెయ్యాలి?" అంటే
"తక్కువ చెయ్యి" అని ఊరుకుంది.
కోపమొచ్చింది. పెద్దరికం ఇచ్చి
పని లాక్కున్నట్టనిపించింది.

ఈ రాత్రి పెంబా దీవి నుంచి మ్వానహిజా అనే పిల్ల
వాళ్ళ రేవు అంకెలు పంపింది.
నలభయ్యో వరుసలో గుర్తు తిరగబడింది,
కూడాల్సిన చోట తీసేసింది.
రెండు నిమిషాల పని. వేళ్ళు దురద పెడుతున్నాయి.

మూడు తప్పులు చూపించాను. నాలుగోది...
చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.
బయట నీళ్ళు తిరిగే వేళయింది.
గడకర్ర ఎప్పుడో కుళ్ళి కొట్టుకుపోయినా
కాళ్ళు వాటంతటవే కిటికీ దగ్గరికి వెళ్ళాయి.