అగ్గిపుల్లంత

మా ఊళ్ళో తల అడ్డంగా ఊపితే అవునని,
నిలువుగా ఊపితే కాదని.
కొత్తవాళ్ళు కంగారు పడతారు గానీ
రూసేలో పుట్టినవాళ్ళం,
మెడతోనే ఒప్పుకుంటాం, మెడతోనే బొంకుతాం.

"సిగరెట్లు తాగుతావా?"
రాదోస్తినా తల నిలువుగా ఊపింది, ఒక్కసారి, పొట్టిగా.
కొక్కేనికి తగిలించిన ఆమె కోటు మాత్రం
గదంతా వాసనై అడ్డంగా ఊగుతోంది.

కలం పక్కన పెట్టి కిటికీ తెరిచాను.
డాన్యూబ్ మీంచి ఫిబ్రవరి లోపలికొచ్చి కూర్చుంది.
"ఐదు," అంది.
కాసేపాగి, "టెర్మినస్‌కి ఒకటి."
రోజుకెన్ని ట్రిప్పులని నేనడగలేదు.
ఆమె నడిపే ట్రాలీబస్సులోనే
రోజూ ఆసుపత్రికి వస్తాను, లెక్క తెలుసు.

పదకొండేళ్ళుగా అదే గులాబీ అట్ట,
ఇరవయ్యొక్క గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో రాత్రి.
మందులషాపు పిల్ల అడగదు, ఈమె చెప్పదు.
వచ్చే గురువారానికి ముప్పై ఐదు.
ఆ అంకె నేను రాస్తుంటే
వయసడిగినట్టు కాదు,
అప్పు అడిగినట్టు చూసింది.

చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను.
నూట నలభై రెండు.
"నీ ముందు బండి ఆగిపోతే ఏం చేస్తావు?"
"చేసేదేముంది, తీగ ఒక్కటేగా.
నేనూ ఆగుతాను. నా వెనక ఇంకోడు.
నాలుగు వీధులు అలా గడ్డకట్టుకు..."
ఆ మాట దగ్గర తనే ఆగింది.

నేను చెప్పాల్సిందాంట్లో సగం తనే చెప్పేసింది.
మిగతా సగం చెప్పాను:
ఆ మాత్రలో ఈస్ట్రోజెన్ ఉంది,
నెత్తురికి పేరుకునే గుణం పెంచుతుంది.
పొగేమో నాళాల గోడల్ని పాడు చేస్తుంది.
ఈ వయసులో రెండూ ఒకే తీగ మీద కలిస్తే
కాల్లోనో, గుండెలోనో, తల్లోనో
బండి ఆగొచ్చు.

"అయితే మానేస్తా."
"ఏది?"
ఇద్దరికీ నవ్వొచ్చింది.

"పోనీ, ఒగ్న్యాన్ జాగ్రత్తగా ఉంటాడులే," అంది.
మా భాషలో ఆ పేరులో నిప్పుంది.
నిప్పు జాగ్రత్త గురించి నేనేమీ అనలేదు.
ట్రే దగ్గరకు లాగాను.

రాగి చుట్టిన చిన్న టీ.
హార్మోన్ లేదు, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది,
మొదటి నెలల్లో ముట్టు ఎక్కువ కావచ్చు.
"నాకిప్పటికే ఎక్కువ. నాలుగ్గంటలు
సీట్లోంచి లేవను నేను."

ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్ర.
రోజూ ఒకే వేళకి.
"ఈ వారం తెల్లారుజామున నాలుగు, పైవారం రాత్రి పదకొండు.
ఏ వేళకి?"

చివరిది చర్మం కింద పెట్టేది.
నమూనా తీసి అరచేతిలో పెట్టాను.
చాలాసేపు అటూ ఇటూ దొర్లించింది.
"అగ్గిపుల్లంత ఉంది."
"మూడేళ్ళు. ఈస్ట్రోజెన్ లేదు.
నెత్తురు చుక్కలు వేళాపాళా లేకుండా కనపడొచ్చు.
నచ్చకపోతే తీసేస్తాం."
"అంటుకోదుగా?"
"అంటుకోదు."

సూదికి భయమా అంటే
వేళ్ళు చాపి చూపించింది.
వాళ్ళమ్మ పొగాకు తోరణాలు గుచ్చేదట,
ఆరేళ్ళకే కూతురి చేతికి దబ్బనమిచ్చిందట.
పొడుచుకోని వేలు లేదు.
ఊరు వదిలేసినా ఆకు వదల్లేదు, అంది,
ఎవరి మీదా కోపం లేకుండా.

డాక్టరమ్మ వచ్చి, మత్తిచ్చి, పెట్టి వెళ్ళింది.
కట్టు కడుతూ
సిగరెట్ మానమని ఒకసారి చెప్పాను.
ఒక్కసారే.
రెండోసారి చెబితే వాళ్ళమ్మనైపోతాను.

కోటు తొడుక్కుంటూ
పక్క కొక్కేనికున్న నా కోటు దగ్గర
కాస్త వంగి ముక్కు ఎగబీల్చింది.
"మరి నువ్వో?"

సాయంత్రం బండెక్కినప్పుడు చెబుతానన్నాను.
ఎక్కలేదు.
చలిలో నడిచే పోయాను ఇంటిదాకా,
జేబులో లైటర్‌ని
తిప్పుతూ, తిప్పుతూ.