ఏడు మొక్కలు

పోయినేటి నోటుబుక్కుల రాసుకున్న:
చీలిన గుండుకు తూర్పున,
జానెడు దూరం, ఏడు మొక్కలు.

ఇయ్యాల గుండే లేదు.
క్వారీ లారీల చక్రాల గుంతలల్ల
ఆషాఢపు ఎర్రనీళ్లు.

మేకలు తోలుకొచ్చిన ఓదెమ్మ
ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా, అన్నది.
పువ్వు. నీలం. ఆవగింజంత.
"గదా? మేకలు ముట్టయి, మందుకు రాదు,
బతుకమ్మల నిలువదు.
పేరెవలు పెడ్తరు?"
అనుకుంటనే తనూ వంగింది.

ఎండెక్కింది. బండ మీది నాచు
అంచుల నుంచి ఆరుకుంట వస్తున్నది.
భూతద్దం నిండ చీమలే.
పరకాల దిక్కు పకటేల పేలుడుకు
గుట్ట ఒక్కపారి ఉలికిపడ్డది,
మేకలు మాత్రం తలెత్తలే.

ఇగ చాలని లేవబోతే
ఓదెమ్మ నా భుజం గట్టిగ అదిమింది:

"కదలకు.
నీ మోకాలి పక్కన
ఒకటున్నది."